స్నేహితురాలి పాపకు బొంత: ఏ తీరు ఎన్నుకొనవలెను?

స్నేహితురాలి ఇంట శిశువు కలిగినదని కబురు వచ్చినప్పుడు మొదట కలుగునది సంతోషము. ఆ వెంటనే, ఏమి తీసికొని పోవలెనను ఆలోచన పుట్టును. వెండి గిన్నెయా, మొలత్రాడా, అంగీ కుళ్ళాయిలా అని ఇంటింట తర్కించుకొందురు. కరీంనగరము వెండి తీగపనికి పేరుపొందిన ఊరు. 2007వ సంవత్సరమున ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. కాని వెండివస్తువు పెట్టెలో చేరును. బొంత మాత్రము బిడ్డ క్రింద పరచబడును. కనుక చేతికుట్టు వచ్చిన స్త్రీలు పలువురు, "ఒక బొంత కుట్టి యిచ్చెదము; ఏ తీరున కుట్టిన బాగుండును?" అని అడుగుచుందురు. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుటయే ఈ ప్రసంగము ఉద్దేశము.

బొంత తీరు అనగానే మన దృష్టి రంగులమీదికి, గడుల మీదికి పోవును. అవి తరువాతి సంగతులు. ముందుగా తేల్చుకొనవలసినవి మూడు: బట్ట ఎవరిది, బొంత పరచునది ఎక్కడ, బిడ్డ పుట్టినది ఏ కాలమున. ఈ మూడును తెలిసినచో తీరు తనంతట తానే కుదురును. తెలియనిచో ఎంత చక్కని పనితనమైనను పెట్టె అడుగున పడియుండును.

మొదటిది బట్ట సంగతి. మన పల్లెలలో పసిబిడ్డకు మెత్తని పాత నూలుబట్టయే శ్రేష్ఠమని పెద్దలు భావింతురు. పురుడు జరుగువరకు క్రొత్త బట్ట తొడుగని ఇండ్లు నేటికిని కలవు. ఇందులో ఆచారముతోబాటు అనుభవము కూడ ఉన్నది. పలుమార్లు ఉతికిన నూలుబట్టలో గంజి ఉండదు, గరుకుదనము పోవును, తడిని చక్కగా పీల్చుకొనును. ముడుచుకొనవలసినంత ఇదివరకే ముడుచుకొని యుండును గనుక, కుట్టిన తరువాత ఒకవైపు లాగుకొనిపోదు. క్రొత్తబట్టతో కుట్టిన బొంత మొదటి ఉతుకుకే ముడుతలు పడుట అనేకులు చూచియే యుందురు.

అయితే ఇక్కడ ఒక చిక్కు కలదు. అమ్మమ్మగాని, నాయనమ్మగాని తన చీరతో బొంత కుట్టినచో అది ఆదరము. పరాయి ఇంటివారు తమ పాతచీరతో కుట్టి తెచ్చినచో, "పాతబట్ట తెచ్చినారు" అను మాట రాకపోదు. స్నేహము ఎంత గాఢమైనను, బాలింత ఇంటిలో అత్తగారుందురు, ఆడపడుచులుందురు. వారి మనస్సు నొచ్చుకొనకూడదు. దీనికి మంచి ఉపాయము, బట్ట ఆ ఇంటినుండియే అడిగి తెచ్చుకొనుట. స్నేహితురాలి తల్లి వద్దకు పోయి, "పెద్దమ్మా, మీరు కట్టుకున్న మెత్తటి నూలుచీర ఒక్కటి ఇయ్యుండ్రి, మీ మనుమరాలికి బొంత కుడత" అని అడుగుడు. కాదను తల్లి ఉండదు. బట్ట అమ్మమ్మది, శ్రమ స్నేహితురాలిది, ఆక్షేపణకు చోటుండదు. బిడ్డ పెరిగి పెద్దదైన పిదప ఆ బొంతను చూపి, "ఇది మీ అమ్మమ్మ చీర, కుట్టినది మీ అమ్మ నేస్తము" అని చెప్పుకొనుటకును వీలగును.

చీర తెచ్చుకొనునప్పుడు అది నూలుదియో కాదో చూడవలెను. నేడు సిరిసిల్ల మరమగ్గములమీద పాలియెస్టరు వస్త్రమే అధికముగా తయారగుచున్నది. ఆ చీరలు నిగనిగలాడును, చౌకగా దొరకును, మన్నికయు కలదు. కాని ఆ బట్ట చెమ్మను పీల్చుకొనదు. వేసవిలో బిడ్డ వీపు చెమర్చి పొక్కులు లేచును. అంచున జరీ ఉన్నచో ఆ భాగమును కత్తిరించి వేయవలెను. జరీపోగు లేత చర్మమును గీరును. కురుమలు నేయు గొంగడి వానలో, చలిలో కాపరికి కవచము వంటిదే గాని, పసిబిడ్డ ఒంటికి మాత్రము పనికిరాదు.

రెండవది, బొంత పరచు చోటు. ఈ విషయమున పూర్వము తెలియని సంగతి నేడు వైద్యులు స్పష్టముగా చెప్పుచున్నారు. ఏడాది నిండని శిశువును నిద్రపుచ్చునప్పుడు వెల్లకిల పండుకొనబెట్టవలెను. పడక గట్టిగా, సమతలముగా ఉండవలెను. దానిమీద దిండ్లు, వదులైన దుప్పట్లు, బొంతలు ఉండరాదు. కదిలిన దుప్పటి ముఖమును కప్పినచో దానిని తొలగించుకొను శక్తి పసిబిడ్డకు లేదు. అమెరికా శిశువైద్యుల సంఘము 2022లో సవరించి ప్రకటించిన సూచనలలో కూడ ఈ మాటయే ఉన్నది. చలి ఉన్నచో బిడ్డకు అదనముగా ఒక అంగీ తొడుగవలెనే గాని పైన బరువు కప్పరాదు.

మరి బొంత ఎందులకు? మేలుకొనియున్న బిడ్డకు అది ఎంతయో ఉపయోగకరము. నూనె మర్దన చేయునప్పుడు, నీళ్ళుపోసిన పిమ్మట ఒడలు తుడుచునప్పుడు, మధ్యాహ్నము అరుగుమీద నలుగురి నడుమ ఆడించునప్పుడు, తల్లి కనిపెట్టియుండగా బోరగిల పరుండి తల ఎత్తుట నేర్చుకొనునప్పుడు, అన్నిటికిని క్రింద బొంతయే కావలెను. ఏడాది దాటిన పిదప అదియే కప్పుకొను దుప్పటియగును. కనుక మన ఎన్నిక నేలమీద పరచు బొంతను గూర్చి జరుగవలెను. ఈ మాటను బొంత ఇచ్చునప్పుడే స్నేహితురాలితో చెప్పుట మన బాధ్యత.

నేలమీద పరచునదియని తెలిసినచో కొలత తేలును. 36 అంగుళముల చదరము చాలును. ఆరు గజముల చీరనుండి 37 అంగుళముల చొప్పున ఐదు ముక్కలు వచ్చును. అంచు మడుపు పోగా ఒక్కొక్కటి 36 అంగుళములు నిలుచును. చీర మడమల దగ్గర, కూర్చుండు చోట త్వరగా అరుగును గనుక ఐదింటిలో ఒకటి రెండు పనికిరాక పోవచ్చును. ముక్కను వెలుతురుకు ఎదురుగా పట్టిచూచినచో పలుచబడిన చోటు వెంటనే తెలియును.

మూడవది కాలము. ఉత్తర తెలంగాణములో ఎండయు చలియు రెండును తీవ్రమే. 2016లో పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు పలు జిల్లాలుగా విభజింపబడినను, వాతావరణమునకు ఆ సరిహద్దులు లేవు. రామగుండము, మంచిర్యాల ప్రాంతములలో వేసవి 45 డిగ్రీలు దాటుట కలదు. కేస్లాపూరులో నాగోబా జాతర జరుగు పుష్యమాసమునాటికి ఆదిలాబాద్, ఆసిఫాబాద్ అడవి పల్లెలలో ఉష్ణము ఐదారు డిగ్రీలకు దిగిన రాత్రులు కలవు. కనుక వైశాఖమున పుట్టిన బిడ్డకు రెండు పొరల బొంత చాలును. మార్గశిర పుష్యములలో పుట్టిన బిడ్డకు మూడుగాని నాలుగుగాని పొరలుండవచ్చును. అంతకు మించినచో మెత్తగా, గుంటపడునట్లుగా తయారగును.

"మన జిల్లా ప్రత్తికి పేరుగాంచినది గదా, లోపల దూది పెట్టరాదా?" అని కొందరందురు. దూదేకులవారు విల్లుతో ఏకిన దూదితో కుట్టిన రజాయి పెద్దలకు బాగుండును. పసిబిడ్డ బొంత దినమునకు రెండుమూడు మార్లు తడియును. మూడు పొరల చీరగుడ్డ చలికాలపు ఎండలో కూడ త్వరగా ఆరును. దూది ఆరదు, పైగా గడ్డలుకట్టి వాసనపట్టును. కనుక దూది వద్దు.

ఇప్పుడు తీరుల సంగతి చూతము. మన ప్రాంతపు చేతులకు సులభముగా లొంగునవి నాలుగు.

మొదటిది ఒంటిచీర బొంత. ఇందులో అతుకులే లేవు. ముక్కలను పొరలుగా పేర్చి, వరుస వెంట వరుస సూటికుట్టు వేయుటయే. అంగుళమునకొక వరుస చొప్పున 35 వరుసలు పట్టును. మొత్తము కుట్టు 35 గజములు. అంచునుండి లోనికి చదరము లోపల చదరముగా కుట్టినచో 36 గజములగును. శ్రమ ఇంచుమించుగా సమానమే, చూపు మాత్రము వేరు. సూటి వరుసలు దున్నిన చేనువలె కనబడును. చదరపు వరుసలు వాకిటి ముగ్గువలె కనబడును. అతుకు లేదు గనుక వీపునకు ఒత్తుకొనునది ఏదియు ఉండదు. మొదటిసారి కుట్టువారికి, అప్పుడే పుట్టిన బిడ్డకు, ఇంతకు మించిన తీరు లేదు.

రెండవది తొమ్మిది గడుల బొంత. రెండు రంగుల బట్టలనుండి 13 అంగుళముల ముక్కలు తొమ్మిది కత్తిరించి, ప్రక్కప్రక్క రంగులు మారునట్లు అతుకవలెను. కుట్టు క్రిందికి అటునిటు అర అంగుళము పోగా 36 అంగుళముల చదరము ఏర్పడును. అమ్మమ్మ చీర ఒకటి, నాయనమ్మ చీర ఒకటి దొరికినప్పుడు ఈ తీరు మిక్కిలి అనుకూలము. రెండు ఇండ్లవారును సంతోషింతురు. ఐదు గడులు ఎవరివి, నాలుగు ఎవరివి అను తగవు రాకుండ నడిమి గడిని మూడవ బట్టతో వేయుట తెలివి. గడులు చిన్నవైనకొలది అందము హెచ్చునను భ్రమతో ముప్పదియారు గడులు వేయబోకుడు. తొమ్మిది గడులకు అతుకుల పొడవు నాలుగు గజములు. ముప్పదియారింటికి పది గజములు. శ్రమ పెరుగుటయే గాక, అతుకుల గట్లు బిడ్డ వీపునకు ఒత్తుకొనును.

మూడవది పట్టెల బొంత. ఐదు అంగుళముల వెడల్పున తొమ్మిది నిలువు పట్టెలు కత్తిరించి అతికినచో, ఒక్కొక్కటి నాలుగు అంగుళములు నిలిచి, 36 అంగుళములు వచ్చును. చీర చాలవరకు అరిగిపోయి పెద్ద ముక్కలు రానప్పుడు ఈ తీరు అక్కరకు వచ్చును.

నాలుగవది, మేము బతుకమ్మ తీరు అని పిలువగోరునది. బతుకమ్మను పైనుండి చూచినచో నడుమ పసుపు గౌరమ్మ, చుట్టును వరుసలు వరుసలుగా గునుగు, తంగేడు కనబడును గదా! ఆ రూపమునే చదరముగా మార్చవలెను. నడుమ 12 అంగుళముల పసుపు గడి. దాని చుట్టును నాలుగు అంగుళముల పట్టెలు మూడు వరుసలు. మొదటి వరుసకు 12 అంగుళములవి రెండు, 20 అంగుళములవి రెండు. రెండవ వరుసకు 20వి రెండు, 28వి రెండు. మూడవ వరుసకు 28వి రెండు, 36వి రెండు. కుట్టు క్రిందికి ప్రతి ముక్కకును అన్ని వైపుల అర అంగుళము కలుపుకొనవలెను. మొత్తము ముక్కలు పదమూడే. అమెరికాలో కొయ్యయిల్లు అను పేర ఇటువంటి తీరే బహుప్రసిద్ధము. నడిమి ఎర్రని గడి ఇంటిలోని పొయ్యికి గుర్తని అచ్చటివారు చెప్పుకొందురు. మనకు నడుమ పసుపు ముద్దయే సహజముగా తోచును.

అతుకులున్న తీరు ఏదైనను, అతుకులున్న ముఖము ఒకవైపు, అతుకు లేని ఒకే చీరముక్క రెండవవైపు ఉండవలెను. తొలి నెలలలో సాదా ముఖమును పైకి పరచుదురు. బిడ్డ బోర్లపడి రంగులు చూచు నాటికి రెండవ ముఖమును త్రిప్పుదురు.

రంగుల విషయమున బిడ్డ కంటిని కూడ గమనింపవలెను. అప్పుడే పుట్టిన శిశువునకు ఎనిమిది నుండి పండ్రెండు అంగుళముల దూరములోనివే కొంత స్పష్టముగా కనబడును. లేతరంగులమీది సన్నని పూలు, చుక్కలు దానికి గోచరింపవు. తెలుపు ప్రక్కన ముదురు రంగు ఉన్నచో చూపు నిలుచును. రంగులన్నిటిని వేరుపరచి చూచు శక్తి నాలుగైదు నెలలకు గాని చక్కబడదు. కనుక పెద్ద గడులు, తెలుపు ప్రక్కన ఎరుపు, పసుపు ప్రక్కన ముదురు పచ్చ మంచివి. నలుపు కూడ కంటికి ఆనును గాని, పసిబిడ్డ కానుకలో నలుపును కొందరు ఒప్పుకొనరు. వారి ఇంటి అలవాటు తెలిసికొని వాడవలెను. ముదురు బట్టను తడిపి తెల్లగుడ్డతో గట్టిగా అదిమి చూడవలెను. తెల్లగుడ్డకు రంగు అంటినచో ఆ బట్టను విడిచిపెట్టుడు. బిడ్డ దానిని నోట పెట్టుకొనకపోదు.

ఆదిలాబాద్ తండాలలో లంబాడీ స్త్రీల అద్దాల కుట్టు చూచి ముచ్చటపడని వారుండరు. ఆ పని పెద్దల దుస్తులకు శోభ. పసిబిడ్డ బొంతకు అద్దములు, గవ్వలు, పూసలు, గుండీలు ఏవియు పనికిరావు. ఊడినది ఏదైనను నోటిలోనికి పోయి గొంతున అడ్డుపడును. ఆ కుట్టులోని చదరములను, ముక్కోణములను దారముతో మాత్రము అనుకరింపవచ్చును.

పాతబట్ట పొరలమీద సూటికుట్టు వేయుట మన ఒక్కరి సొత్తు కాదు. వంగదేశమున అది కాంథా. బీహారులో సుజని, దానిని నవజాత శిశువును చుట్టుటకు కుట్టెడివారు. ఆదిలాబాదునకు ఆనుకొనియున్న మరాఠీ పల్లెలలో గోధడి. కర్ణాటకమున ఉత్తర కన్నడ జిల్లాలోని సిద్దీ స్త్రీలు తమ కవందిని అంచున ఆరంభించి చుట్టును తిరుగుచు నడుమకు వత్తురు. నాలుగు మూలలను గుడ్డతో మడిచిన పువ్వులు పెట్టినగాని అది పూర్తియైనట్లు తలపరు. పేర్లు వేరైనను ఉపాయము ఒకటే. కట్టుటకు పనికిరాని బట్టను పొరలు చేర్చి, దగ్గర కుట్టుతో బలపరచి, మరల బ్రతికించుట.

ఇక కుట్టు క్రమము. బట్టను వేడినీట ఉతికి, మంచి ఎండలో ఆరవేయుడు. ముక్కలు కత్తిరించి, అతుకవలసినవి అతికి, పొరలను నేలమీద ముడుతలేక పరచుడు. నడుమనుండి అంచులవైపు పెద్ద టాకాలు వేయుడు; అంచునుండి మొదలిడినచో నడుమ ఉబ్బు మిగులును. అసలు కుట్టు పావు అంగుళమునకు మించరాదు. పొడవైన కుట్టు అడుగువైపు ఉచ్చువలె నిలిచి, పసిబిడ్డ కాలివ్రేలికి చిక్కుకొనును. దారము బిగిసినచో వ్రేలు వాచిపోవును, బిడ్డ ఎందుకు ఏడ్చుచున్నదో కూడ తెలియదు. ముడులను పొరల నడుమకు దాచుడు. పని ముగిసిన పిదప టాకాలు ఊడదీసి, సూదులు లెక్కపెట్టుకొని, బొంత మొత్తము అరచేతితో తడిమి చూడుడు. పిమ్మట మరియొకసారి ఉతికి ఎండబెట్టి ఇయ్యుడు.

బిడ్డ పుట్టకముందే వస్తువులు సిద్ధము చేయుట మంచిది కాదని మనలో పలువురి నమ్మకము. అట్టి ఇండ్లలో కబురు వచ్చిన తరువాతనే పని మొదలుపెట్టవలెను. తొట్టెలలో వేయు వేడుక 21వ దినమున జరుగు ఇంట మనకు మూడు వారములు చిక్కును. ఒంటిచీర బొంతకు వరుసలు ముప్పదియైదు. దినమునకు రెండు వరుసలు వేసినచో పదునెనిమిది దినములలో ముగియును. ఉతికి ఆరవేయుటకు మూడు దినములు మిగులును. బతుకమ్మ తీరుకు అతుకుల పని అదనముగా ఉన్నది గనుక దినమునకు మూడు వరుసలు వేయగలవారే దానికి పూనుకొనుడు. 11వ దినముననే పురుడు చేయు ఇంటికి, ఒంటిచీరను రెండు పొరలుగా తీసికొని, వరుసల నడుమ రెండు అంగుళముల ఎడముతో కుట్టినచో పని సగమునకు తగ్గును.

ఇచ్చిన తరువాత ఒక్కమాట మరువరాదు. మన బొంత మాసినదని, నూనె అంటినదని, మూల చినిగినదని చూచి నొచ్చుకొనకుడు. బీరువాలో మడతపెట్టి దాచిన బొంత మనకు గౌరవమే గావచ్చును గాని, బిడ్డకు మాత్రము ఉపయోగపడదు. స్నేహితురాలి ఇంటికి పోయినప్పుడు ఆ బొంత దండెముమీద ఆరుచు కనబడినచో, మనము ఎన్నుకొన్న తీరు సరియైనదని తెలిసికొనవచ్చును.